డ్రైవ్‌షాఫ్ట్: పెర్ఫార్మెన్స్ కార్లలో పదార్థం ఎంపిక, కంపనాల అదుపు

ఇంజను ముందు, చోదనం వెనక చక్రాలకు. ఈ అమరికతో నడిచే దాదాపు ప్రతి బండి కిందా గేర్‌బాక్సు నుంచి వెనక ఇరుసు దాకా ఒక గొట్టం తిరుగుతుంటుంది. కంపెనీ పుస్తకాల్లో దాని పేరు డ్రైవ్‌షాఫ్ట్ లేదా ప్రొపెల్లర్ షాఫ్ట్. షెడ్డులో మాత్రం వట్టి షాఫ్టే. పాత అంబాసిడర్‌లోనూ, నేటి బొలెరోలోనూ, ఇసుక టిప్పర్‌లోనూ, గంటకు 300 కిలోమీటర్లు దాటే స్పోర్ట్స్ కారులోనూ దాని పని ఒక్కటే. గేర్‌బాక్సు నుంచి వచ్చే మెలితిప్పు బలాన్ని, అంటే టార్కును, డిఫరెన్షియల్‌కు చేరవేయాలి. టిప్పర్‌లో దానికి పరీక్ష బరువుతో. పెర్ఫార్మెన్స్ కారులో వేగంతో.

షాఫ్టు మార్చాలనుకునే కారు యజమాని మొదట అడిగేది స్టీలా, అల్యూమినియమా, కార్బన్ ఫైబరా అని. షాఫ్టు తయారుచేసేవాడు మొదట అడిగేది పొడవెంత, వ్యాసమెంత, టాప్ స్పీడులో ఎన్ని చుట్లు తిరగాలి అని. రెండో వరసే సరైనది. తేలికదనం మీద జరిగే ప్రచారం చాలావరకు, కాగితం మీద లెక్క వేసి చూస్తే నిలవదు.

గొలుసు పోయి షాఫ్టు వచ్చింది

తొలి కార్లలో చాలావాటికి వెనక చక్రాలను తిప్పేది గొలుసే. 1898 డిసెంబరు 24 రాత్రి పారిస్‌లో 21 ఏళ్ల లూయీ రెనో తాను కట్టిన చిన్న బండిని మోమార్త్ర్ గుట్ట మీద నిట్రంగా ఉండే లెపిక్ వీధి ఎక్కించి చూపించాడు. అందులో గొలుసు లేదు. గేర్‌బాక్సు నుంచి ఇరుసుకు షాఫ్టే వెళ్లింది. ఆ రాత్రే ఆర్డర్లు వచ్చాయి.

షాఫ్టు పెట్టగానే సరిపోదు. వెనక ఇరుసు గుంతల్లో పైకీ కిందికీ ఊగుతుంది, గేర్‌బాక్సు కదలదు. మధ్యలో కోణంలోనూ తిరగగల కీలు, అంటే యూనివర్సల్ జాయింటు, కావాలి. ఆ కీలుకు 16వ శతాబ్దపు ఇటలీ గణితవేత్త కార్డానో పేరూ, దాని చలనాన్ని 17వ శతాబ్దంలో పరిశీలించిన ఇంగ్లండ్ శాస్త్రవేత్త రాబర్ట్ హుక్ పేరూ నిలిచిపోయాయి. దాన్ని కార్లకు పనికొచ్చే సరుకుగా మార్చినవాడు మాత్రం క్లారెన్స్ స్పైసర్. అమెరికాలో కార్నెల్ విశ్వవిద్యాలయ విద్యార్థిగా ఉంటూ 1903లో పేటెంట్ తీసుకుని, 1904లో న్యూజెర్సీలోని ప్లెయిన్‌ఫీల్డ్‌లో తయారీ మొదలుపెట్టాడు. ఆ సంస్థే తర్వాత డానా అయింది. మన ఊళ్లలో స్పేర్ పార్టుల దుకాణానికి వెళ్లి జాయింట్ క్రాస్ అడిగితే ఇచ్చే డబ్బాల్లో స్పైసర్ పేరున్నవి నేటికీ ఉంటాయి.

ఎన్ని చుట్లు?

లెక్కకు ఒక కారు తీసుకుందాం. టైరు వ్యాసం 65 సెంటీమీటర్లు, వెనక ఇరుసులో గేరు నిష్పత్తి 3.73. చక్రం ఒక చుట్టు తిరగాలంటే షాఫ్టు 3.73 చుట్లు తిరగాలి. గంటకు 100 కిలోమీటర్ల వేగంలో ఈ షాఫ్టు నిమిషానికి సుమారు 3,000 చుట్లు తిరుగుతుంది. 200 దగ్గర 6,100. 250 దగ్గర 7,600.

ఇంజను ఎన్ని చుట్ల మీద ఉందన్నది ఇక్కడ అప్రస్తుతం. టాప్ గేరు 0.62 నిష్పత్తి ఉన్న ఓవర్‌డ్రైవ్ అయితే, ఇంజను 4,000 మీద తాపీగా ఉన్నప్పుడే షాఫ్టు 6,450 మీద ఉంటుంది. టాకోమీటరు ముల్లు చూసి షాఫ్టు నిశ్చింతగా ఉందనుకోవడానికి వీల్లేదు.

ఏ గొట్టమూ నూటికి నూరుపాళ్లు తిన్నగా ఉండదు. దాని గోడ అంతటా ఒకే మందంలో ఉండదు. కాబట్టి తిరిగేటప్పుడు నడిమి భాగం వెంట్రుకవాసి బయటికి వంగుతుంది. వంపు పెరిగితే అపకేంద్ర బలం పెరుగుతుంది, ఆ బలం వంపును ఇంకా పెంచుతుంది. గొట్టం బిగువు దాన్ని వెనక్కి లాగుతూ ఉంటుంది. చుట్ల వేగం గొట్టం సహజ పౌనఃపున్యంతో కలిసే చోట ఈ పోటీలో బిగువు ఓడిపోతుంది. ఇద్దరు పిల్లలు రెండు కొసలు పట్టుకుని తిప్పే తాడులా షాఫ్టు నడుమ పొంగుతుంది. ఇదే క్రిటికల్ స్పీడ్. అక్కడే కాసేపు నిలిపితే జాయింటు విరగొచ్చు, గేర్‌బాక్సు తోక పగలొచ్చు, గొట్టమే మడతపడి ఊడిపోవచ్చు.

ఈ వేగాన్ని నిర్ణయించేవి మూడు. మొదటిది పొడవు. అది వర్గంలో లెక్కకొస్తుంది కనుక పొడవు సగమైతే క్రిటికల్ స్పీడ్ నాలుగింతలవుతుంది. రెండోది వ్యాసం. సన్నటి గోడ ఉన్న గొట్టాల్లో అది దాదాపు సమానుపాతంలో పనిచేస్తుంది. మూడోది పదార్థం. అక్కడ చూడాల్సింది ఒట్టి బలమూ కాదు, ఒట్టి బరువూ కాదు. పదార్థం బిగువును చెప్పే యంగ్ గుణకాన్ని సాంద్రతతో భాగించి దాని వర్గమూలం తీయాలి.

స్టీలుకు గుణకం 207 గిగాపాస్కల్స్, సాంద్రత ఘనపు మీటరుకు 7,850 కిలోలు. లెక్క వేస్తే సెకనుకు సుమారు 5,130 మీటర్లు వస్తుంది. అల్యూమినియానికి 69 గిగాపాస్కల్స్, 2,700 కిలోలు. ఫలితం 5,060. టైటానియం మిశ్రమానికి 114, 4,430. ఫలితం 5,070. మూడు లోహాలూ 2 శాతం తేడాలోపే నిలిచాయి! అంటే అదే కొలతల్లో స్టీలు గొట్టం తీసి అల్యూమినియం గొట్టం పెడితే బరువు తగ్గుతుంది గానీ క్రిటికల్ స్పీడ్ ఉన్నచోటే ఉంటుంది. మామూలు స్టీలు బదులు ఖరీదైన 4130 క్రోమ్‌మోలీ స్టీలు వాడినా అంతే. అది విరగకుండా ఎక్కువ టార్కు మోస్తుంది తప్ప గుణకం మారదు.

మరి అల్యూమినియం షాఫ్టు పెట్టినవాళ్లకు కారు నిజంగానే కుదుటపడి సాఫీగా నడుస్తున్నట్టు ఎందుకనిపిస్తుంది? లావు వల్ల. అల్యూమినియం తేలిక కనుక, బరువు పెరగకుండానే గొట్టాన్ని లావు చేయగలిగారు.

ఒకటిన్నర మీటర్ల షాఫ్టు మీద ఈ తేడా స్పష్టంగా తెలుస్తుంది. 76 మిల్లీమీటర్ల వ్యాసం, 2.1 మిల్లీమీటర్ల గోడ ఉన్న స్టీలు గొట్టానికి ఆదర్శ లెక్కలో క్రిటికల్ స్పీడ్ సుమారు 5,600. 102 మిల్లీమీటర్ల వ్యాసం, 3.2 మిల్లీమీటర్ల గోడ ఉన్న అల్యూమినియం గొట్టానికి సుమారు 7,400. అదే లావులో, పొడవు దిశగా 80 గిగాపాస్కల్స్ గుణకం వచ్చేలా పేర్చిన కార్బన్ గొట్టానికి 10,000 పైమాటే. జాయింట్ల బరువు, వాటి సందులు, గేర్‌బాక్సు రబ్బరు బుష్‌ల వదులు కలిసి అసలు అంకెను ఇంకా కిందికి లాగుతాయి. అందుకే లెక్కలో వచ్చిన దానిలో 75 శాతం మించనివ్వకూడదన్నది ఈ రంగంలో సాధారణంగా పాటించే నియమం. ఆ నియమం ప్రకారం మన ఉదాహరణ కారులో స్టీలు షాఫ్టు గంటకు 138 కిలోమీటర్ల దగ్గర ఆగిపోవాలి. అల్యూమినియానిది 180 దాకా, కార్బన్‌ది 250 దాటి వెళ్తుంది.

138 అన్న అంకె చూసి కంగారు పడక్కర్లేదు. కార్ల కంపెనీలు దీనికి చవకైన మందు ఎప్పుడో కనిపెట్టాయి. షాఫ్టును రెండు ముక్కలు చేసి మధ్యలో సెంటర్ బేరింగ్ పెట్టడమే ఆ మందు. ముక్క పొడవు ముప్పావు మీటరుకు తగ్గగానే లెక్కలో క్రిటికల్ స్పీడ్ 22,000 దాటిపోతుంది. విజయవాడ ఆటోనగర్‌లో ఏ పొడవాటి లారీ కింద దూరి చూసినా షాఫ్టు ముక్కలుగానే ఉంటుంది. ఆ ఏర్పాటు ఎందుకో డ్రైవరుకు తెలియకపోవచ్చు గానీ, సెంటర్ బేరింగ్ రబ్బరు పోతే బండి ఎలా అదురుతుందో అతనికి ఎవరూ చెప్పనక్కర్లేదు. ఈ మందుకున్న దుష్ఫలితం అదే. ఒక బేరింగు, ఒక జాయింటు అదనంగా చేరతాయి, బరువు పెరుగుతుంది, అరిగే భాగాలు పెరుగుతాయి. పెర్ఫార్మెన్స్ కార్లవాళ్లు ఒకే ముక్క షాఫ్టు కోసం వెంపర్లాడేది ఇందుకే.

ఫోర్డ్ కంపెనీ 2013 షెల్బీ జీటీ500 మస్టాంగ్‌లో ఈ దారే పట్టింది. 5.8 లీటర్ల సూపర్‌చార్జ్‌డ్ వీ8 ఇంజను, 662 హార్స్‌పవర్, గంటకు 200 మైళ్లు దాటాలన్న లక్ష్యం. వెనక ఇరుసు నిష్పత్తిని 3.31కి దించారు. అంత దించినా, వెనక టైరు వ్యాసం సుమారు 70 సెంటీమీటర్లు అనుకుంటే, ఆ వేగంలో షాఫ్టు 8,000 చుట్ల దగ్గర తిరగాలి. ఒకే ముక్క కార్బన్ ఫైబర్ షాఫ్టు వేశారు.

పదార్థాల సంగతి

పాతదని స్టీలును చిన్నచూపు చూడటానికి లేదు. అతుకు జాడ లేకుండా మాండ్రెల్ మీద లాగి తయారుచేసే గొట్టం గుండ్రంగా, గోడ సమంగా ఉంటుంది. ధర తక్కువ. కొసన జాయింటును పట్టి ఉంచే యోక్ ఊడితే వెల్డింగ్ చేసుకోవచ్చు. రాయి తగిలితే చొట్ట పడుతుందేమో గానీ పగలదు. పక్కనే పోయే సైలెన్సర్ గొట్టం వేడికి చలించదు. పొట్టి వీల్‌బేస్ ఉన్న కారులోనో, వందల హార్స్‌పవర్‌తో కొన్ని సెకన్ల పాటే దూసుకుపోయే డ్రాగ్ కారులోనో స్టీలు, అందులోనూ క్రోమ్‌మోలీ, నేటికీ మంచి ఎంపిక.

అల్యూమినియంలో ఎక్కువగా వాడేది 6061-టీ6 మిశ్రమం. దాని బలహీనత వెల్డింగ్ దగ్గరుంటుంది. వేడితో సాధించిన గట్టిదనం అతుకు పక్కన అదే వేడికి తగ్గిపోతుంది, కాబట్టి గోడ మందంగా ఉంచాలి. లావు గొట్టం కనుక కారు నేల కింద షాఫ్టు తిరిగే సొరంగంలో చోటు ఉందో లేదో చూసుకోవాలి. సస్పెన్షన్ పూర్తిగా అణిగినప్పుడు నేలకో, హ్యాండ్‌బ్రేక్ కేబుల్‌కో రాసుకుంటే గీతపడ్డ చోటే పగులు మొదలవుతుంది. అల్యూమినియాన్ని ఇంకా బిగువుగా చేయడానికి అందులో అల్యూమినా రేణువులు కలిపిన మిశ్రమాలూ వచ్చాయి. 1997లో వచ్చిన అయిదో తరం కార్వెట్‌లో షాఫ్టు అలాంటి దానితోనే చేశారు. యంత్రాల మీద దాన్ని కోయడం, చెక్కడం కష్టం. ఆ పద్ధతి పెద్దగా వ్యాపించలేదు.

టైటానియం గురించి చెప్పడానికి ఎక్కువ లేదు. పైన లెక్కలో చూసినట్టు వేగం విషయంలో అది అదనంగా ఇచ్చేది లేదు, ధర మాత్రం చుక్కల్లో ఉంటుంది.

కార్బన్ ఫైబర్ కథ వేరు. దాని గుణం పోగుల దిశను బట్టి మారుతుంది. పోగులన్నీ పొడవు దిశలో ఉంటే గుణకం 130 గిగాపాస్కల్స్ దాటుతుంది, సాంద్రత 1,600 మాత్రమే. వంపును తట్టుకోవడానికి అంతకంటే ఏం కావాలి? కానీ ఆ గొట్టాన్ని మెలితిప్పితే పోగుల మధ్య రెజిన్ చీలిపోతుంది. టార్కును మోయాలంటే పోగులు ఇటూ అటూ 45 డిగ్రీల ఏటవాలులో చుట్టాలి. అలా చుట్టిన పొరల్లో పొడవు దిశ గుణకం అల్యూమినియంలో మూడో వంతు కూడా ఉండదు. కాబట్టి 45 డిగ్రీల పొరలు కొన్ని, పొడవు దిశకు దగ్గరగా ఉండే పొరలు కొన్ని కలిపి పేరుస్తారు. కార్బన్ షాఫ్టు మంచిదో చెడ్డదో తేల్చేది ఈ పేర్పు. పైకి నిగనిగలాడే నల్లటి నేత చూసి లోపలి పేర్పు చెప్పలేరు. ఏ టార్కుకు, ఏ వేగానికి దాన్ని రూపొందించారో రాతపూర్వకంగా ఇవ్వని అమ్మకందారు దగ్గర కార్బన్ షాఫ్టు కొనకపోవడమే మంచిది.

రెండో చిక్కు కొసల దగ్గర. కార్బన్ గొట్టానికి లోహపు యోక్‌ను వెల్డింగ్ చేయలేరు, జిగురుతో అతకాలి. కార్బన్ నేరుగా అల్యూమినియాన్ని తాకి తడి తగిలితే లోహం తుప్పు పట్టి తినుకుపోతుంది. మధ్యలో గాజు పోగుల పొర వేసి వేరు చేస్తారు. రెజిన్ వేడికి మెత్తబడుతుంది గనుక ఎగ్జాస్ట్ గొట్టం పక్కన హీట్ షీల్డ్ తప్పనిసరి. గులకరాళ్ల దెబ్బకు పై పొర లేచినా వెంటనే కనపడదు.

ఇన్ని ఉన్నా మామూలు రోడ్డు కార్లలోకి మిశ్రమ పదార్థపు షాఫ్టు 1980ల్లోనే వచ్చింది. 1988లో నాలుగు చక్రాల చోదనంతో వచ్చిన రెనో ఎస్పాస్ క్వాడ్రాకు జీకేఎన్ సంస్థ అలాంటిది చేసిచ్చింది. తర్వాత నిస్సాన్ 350జెడ్, మాజ్డా ఆర్‌ఎక్స్-8, ఆస్టన్ మార్టిన్ డీబీ9, మెర్సిడెస్ ఎస్‌ఎల్‌ఎస్ ఏఎంజీ, ఆల్ఫా రోమియో జూలియా క్వాడ్రిఫోలియో ఆ వరసలో చేరాయి.

వీటన్నిటికంటే ఆసక్తికరమైనది బీఎండబ్ల్యూ ఎం3, ఎం4ల ఉదంతం. 2014లో ఆ కార్లు ఒకే ముక్క కార్బన్ షాఫ్టుతో వచ్చాయి. సెంటర్ బేరింగ్ తీసేశారు, పాత మోడల్ షాఫ్టు కంటే బరువు 40 శాతం తగ్గిందని కంపెనీ చెప్పుకుంది. 2017 చివరికొచ్చేసరికి అదే కంపెనీ అదే కార్లలో మళ్లీ స్టీలు షాఫ్టు వేసింది. కారణం షాఫ్టులో లోపం కాదు. పెట్రోలు ఇంజన్ల పొగలోని సూక్ష్మ రేణువుల్ని వడగట్టే ఫిల్టర్ పెట్టాల్సి వచ్చింది, లావుపాటి కార్బన్ గొట్టం ఉంటే ఎగ్జాస్ట్‌కు చోటు చాలలేదు.

బరువు తగ్గితే పవర్ పెరుగుతుందా?

తేలిక షాఫ్టు వేస్తే చక్రాల దగ్గర హార్స్‌పవర్ పెరుగుతుందన్న ప్రకటనలు కనిపిస్తుంటాయి. పైన చెప్పిన రెండు గొట్టాల్నే తూకం వేద్దాం. స్టీలు గొట్టం 5.7 కిలోలు, అల్యూమినియం గొట్టం 4 కిలోలు. తిరిగే వస్తువును వేగవంతం చేయడానికి అడ్డొచ్చేది బరువొక్కటే కాదు, ఆ బరువు కేంద్రం నుంచి ఎంత దూరంలో ఉందన్నదీ లెక్కే. ఆ జడత్వ భ్రామకం స్టీలు గొట్టానికి 0.0078 కిలో-మీటరు వర్గం, లావుపాటి అల్యూమినియం గొట్టానికి 0.0098. తేలికైన షాఫ్టే తిప్పడానికి కాస్త బరువు! నాలుగు చక్రాల జడత్వం ముందు ఈ రెండింటి తేడా లెక్కలోకి రాదు. వేగం నిలకడగా ఉన్నప్పుడైతే జడత్వానికి పనే లేదు. షాఫ్టు మార్చడానికి సరైన కారణం టాప్ స్పీడులో నిబ్బరం, కంపనం లేకపోవడం, కారు మొత్తం బరువులో రెండు మూడు కిలోల తగ్గుదల. హార్స్‌పవర్ కోసమైతే ఆ డబ్బు మరోచోట పెట్టడం మేలు.

కంపనం ఎక్కడి నుంచి వస్తుంది

షాఫ్టు కంపనాల్లో ఎక్కువగా ఎదురయ్యేవి రెండు రకాలు. చుట్టుకు ఒకసారి వచ్చేది, చుట్టుకు రెండుసార్లు వచ్చేది. మెకానిక్ మొదట తేల్చుకోవాల్సింది ఈ తేడానే.

చుట్టుకు ఒకసారి వచ్చేదానికి మూలం అసమతూకం లేదా గొట్టం వంకర. 38 మిల్లీమీటర్ల దూరంలో 10 గ్రాములు అదనంగా ఉందనుకుందాం. 3,000 చుట్ల దగ్గర అది నాలుగు కిలోల బరువంత బలంతో లాగుతుంది. 6,000 దగ్గర 15 కిలోలంత. వేగం రెండింతలైతే బలం నాలుగింతలన్నమాట. షాఫ్టుల సమతూకానికి అంతర్జాతీయ ప్రమాణాలు సూచించే జీ16 తరగతి ప్రకారం 6,000 చుట్ల దగ్గర బరువు కేంద్రం అసలు కేంద్రం నుంచి 25 మైక్రాన్లకు మించి జరగకూడదు. మనిషి వెంట్రుక మందం అంతకంటే ఎక్కువే. అందుకే కారు వెళ్లే గరిష్ఠ వేగంలో కాకుండా, తక్కువ చుట్ల మీద బ్యాలెన్స్ చేసి పంపిన షాఫ్టు హైవే ఎక్కగానే అదురుతుంది. గొట్టం వంకర అర మిల్లీమీటరు దాటితే బరువు బిళ్లలు అతికించే ముందు దాన్ని తిన్నగా చేయించాలి. వంకర గొట్టాన్ని బిళ్లలతో బ్యాలెన్స్ చేయడమంటే ఒక వేగంలో నయం చేసి మరో వేగంలో రోగం తెచ్చుకోవడమే.

చుట్టుకు రెండుసార్లు వచ్చేది జాయింటు కోణం వల్ల. కార్డాన్ జాయింటు కోణంలో తిరిగేటప్పుడు లోపలికి వచ్చే వేగం నిలకడగా ఉన్నా బయటికి పోయే వేగం ప్రతి చుట్టులో రెండుసార్లు పెరిగి తగ్గుతుంది. 3 డిగ్రీల కోణంలో ఈ తేడా 0.14 శాతం. 10 డిగ్రీలైతే 1.5 శాతం. రెండో కొసన ఉన్న జాయింటు అదే కోణంలో ఉండి, రెండు యోక్‌లూ ఒకే తలంలో ఉంటే మొదటిది చేసిన అలజడిని రెండోది సరిచేస్తుంది. పళ్లతో ఒకదానిలో ఒకటి దూరే స్ప్లైన్ దగ్గర షాఫ్టును విడదీసి, తిరిగి తొడిగేటప్పుడు ఒక్క పన్ను తప్పినా ఆ లెక్క చెడుతుంది. మంచి మెకానిక్ షాఫ్టు దించేముందు సుద్దతోనో పెయింటుతోనో రెండు భాగాల మీదా ఒకే గీత గీసిపెట్టుకునేది దీనికే.

కోణం సున్నా అయినా ప్రమాదమే. క్రాస్‌లోని సూది బేరింగులు దొర్లకుండా ఒకేచోట నొక్కుకుని గుంతలు పడతాయి. ఒకటి నుంచి మూడు డిగ్రీల మధ్య, రెండు కొసల తేడా ఒక డిగ్రీ దాటకుండా ఉంచడం ఆచారం. షాఫ్టు ఎంత వేగంగా తిరగాలో కోణం అంత తగ్గాలి. 5,000 చుట్లకు సుమారు 3 డిగ్రీలే హద్దు. థార్‌కు లిఫ్ట్ కిట్ వేయించి ఎత్తు పెంచిన కుర్రాళ్లకు ఆ తర్వాత వచ్చే అదురుకు మూలం తరచూ ఇక్కడే ఉంటుంది. బండి ఎత్తు పెరిగింది, షాఫ్టు కోణమూ పెరిగింది. టైర్లు ఎన్నిసార్లు బ్యాలెన్స్ చేయించినా అది తగ్గదు.

ఈ రెండో రకం కంపనానికి ఇంకో గుణముంది. చుట్టుకు రెండుసార్లు కొడుతుంది గనుక, క్రిటికల్ స్పీడ్‌లో సగం దగ్గరే షాఫ్టు సహజ పౌనఃపున్యాన్ని రేపుతుంది. మన స్టీలు షాఫ్టు ఉదాహరణలో అది గంటకు 92 కిలోమీటర్లు. 85 దాకా ఏమీ లేకుండా 90 దాటగానే మోగి, 100 దాటాక మాయమయ్యే అదురు చాలామందిని చక్రాల వైపు తప్పుదారి పట్టిస్తుంది.

ఇక మెలి కంపనాలు. ఇంజను పేలుళ్లు తెరలు తెరలుగా వస్తాయి. నాలుగు సిలిండర్ల ఇంజనులో చుట్టుకు రెండు, వీ8లో నాలుగు. వీటిని మింగడానికి షాఫ్టు కొసల్లో రబ్బరు కప్లింగులు వాడతారు. వాటిలో పేరున్న రకాన్ని రూపొందించింది ఇటలీ ఇంజనీరు ఆంతోనియో బోస్కీ. రబ్బరు తీసేసి గట్టి జాయింటు పెడితే యాక్సిలరేటర్ స్పందన చురుకవుతుంది, దాంతోపాటు డిఫరెన్షియల్ కూత క్యాబిన్‌లోకి వస్తుంది. అల్యూమినియం గొట్టానికి మోగే గుణం ఎక్కువ. దాన్ని అణచడానికి కంపెనీలు గొట్టం లోపల అట్టతో చేసిన మరో గొట్టం దూర్చడం మామూలే. లక్షల ఖరీదు చేసే కారు షాఫ్టు కోస్తే లోపల అట్ట బయటపడితే మోసం అనుకోవద్దు.

అసలు షాఫ్టును వేరే విధంగా పెట్టిన కార్లూ ఉన్నాయి. 1961 పాంటియాక్ టెంపెస్ట్‌లో సన్నటి స్టీలు కడ్డీని కావాలనే మూడు అంగుళాల మేర వంచి, గొట్టంలో బేరింగుల మీద తిప్పారు. గేర్‌బాక్సు వెనక ఇరుసు దగ్గరుండేది. వంపు ముందే ఉంది కనుక యూనివర్సల్ జాయింట్లతో పని లేకపోయింది, కారు నేల మధ్యలో మూపురం తగ్గింది. పోర్షె 924, 928లూ, అయిదో తరం కార్వెట్టూ గేర్‌బాక్సును వెనక పెట్టి, షాఫ్టును టార్క్ ట్యూబ్‌లో బంధించాయి. అలాంటి కార్లలో షాఫ్టు ఎప్పుడూ ఇంజను వేగంతోనే తిరుగుతుంది. గేర్లు పెంచే టార్కును అది మోయనక్కర్లేదు.

షెడ్డులో

అదురు షాఫ్టుదో కాదో తేల్చడానికి పెద్ద పరికరాలు లేకుండానే సగం పని అవుతుంది. ఒకే వేగంలో గేరు మార్చి చూడాలి. ఇంజను చుట్లు మారినా అదురు అలాగే ఉంటే ఇంజనును అనుమానించనక్కర్లేదు. గంటకు 100 దగ్గర మన ఉదాహరణ కారులో చక్రం సెకనుకు 14 సార్లు తిరుగుతుంది, షాఫ్టు 51 సార్లు. చక్రం అదురు చేతికి కుదుపులా తెలుస్తుంది, షాఫ్టుది సీటు కింద హోరులా వస్తుంది. కచ్చితంగా తెలియాలంటే వైబ్రేషన్ అనలైజర్ పెట్టి పౌనఃపున్యం చదవాలి. షాఫ్టు దించకుండా బ్యాలెన్స్ సరిచేసే పాత చిట్కా ఒకటుంది. వెనక కొసన రెండు హోస్ క్లిప్పులు బిగించి, వాటి స్క్రూ తలల్ని కొద్దికొద్దిగా జరుపుతూ అదురు తగ్గే చోటు వెతకడం. తాత్కాలికమే అయినా లోపం బ్యాలెన్స్‌దేనని రుజువవుతుంది.

రేసింగ్‌లో భయం కంపనం గురించి కాదు, విరగడం గురించి. ముందు జాయింటు ఊడితే షాఫ్టు కొస రోడ్డుకు గుచ్చుకుని కారును పైకెత్తగలదు. అమెరికాలో డ్రాగ్ రేసులు నిర్వహించే ఎన్‌హెచ్‌ఆర్‌ఏ, స్లిక్ టైర్లతో పావు మైలును 13.99 సెకన్లలో లేదా అంతకంటే త్వరగా దాటే కార్లకు ముందు జాయింటు నుంచి ఆరు అంగుళాల లోపు షాఫ్టు చుట్టూ స్టీలు లూప్ ఉండాలంటుంది. కార్బన్ గొట్టం విరిగినప్పుడు పోగులుగా చీలిపోతుంది, స్టీలులా ఈటెగా మారదు. అయినా లూప్ మినహాయింపు దానికీ లేదు.

కొత్త షాఫ్టు ఆర్డరిచ్చేవారు పదార్థం పేరుతో కాకుండా ఈ కొలతలతో దుకాణానికి వెళ్లాలి: కారు నాలుగు చక్రాల మీద నిలబడి ఉండగా గేర్‌బాక్సు సీల్ నుంచి పినియన్ ఫ్లేంజ్ దాకా పొడవు, వెనక ఇరుసు నిష్పత్తి, టైరు వ్యాసం, నిజంగా వెళ్లాలనుకుంటున్న గరిష్ఠ వేగం, సొరంగంలో అత్యంత ఇరుకైన చోటు కొలత. ఇవి చూసి ముందు చుట్లు లెక్కగట్టి, ఆ తర్వాతే గొట్టం చూపించే దుకాణమైతే, వాళ్లు చవకైన స్టీలే చాలన్నా నమ్మవచ్చు.